ఇయర్‌ఫోన్ సౌండ్ బాగోలేదా? ముందు అది చెవిలో ఎలా కూర్చుందో చూడండి

మృదంగం బాగా వినపడే కచేరీ రికార్డింగ్ ఏదైనా పెట్టుకుని, చెవిలో ఉన్న ఇయర్‌ఫోన్‌ని వేలితో మెల్లగా లోపలికి నొక్కి చూడండి. మృదంగానికి ఎడమ వైపు, అదే రవ్వ ముద్ద పెట్టే తొప్పి వైపు, దెబ్బ పడినప్పుడు వచ్చే "గుమ్" అనే నాదం ఒక్కసారిగా నిండుగా వినిపిస్తే, వేలు తీయగానే అది పోయి కుడి వైపు "టక్ టక్" మాత్రమే మిగిలితే, ఆ ఇయర్‌ఫోన్ మీ చెవిలో సరిగ్గా కూర్చోలేదని అర్థం. పాట అదే, ఫోన్ అదే, వాల్యూమ్ అదే, మారింది ఇయర్‌ఫోన్ మూతికి తగిలించే మెత్తటి తొడుగుకీ, అంటే టిప్‌కీ, చెవి గోడకీ మధ్య వెంట్రుక మందం సందు మాత్రమే. ఆ సందు సంగతి తేల్చుకోకుండా ఈ ఇయర్‌ఫోన్‌లో బాస్ ఉంది, ఆ ఇయర్‌ఫోన్‌లో లేదు అని వాదించుకోవడం వల్ల ఉపయోగం ఏమీ లేదు, ఎందుకంటే ఇద్దరూ నిజమే చెప్తూ ఉండొచ్చు.

ఇయర్‌ఫోన్ల గురించి మాట్లాడేటప్పుడు సౌండ్‌కి ఇన్ని మార్కులు, కంఫర్ట్‌కి ఇన్ని మార్కులు అని విడివిడిగా వేయడం మనకి అలవాటు. పెద్ద హెడ్‌ఫోన్లకి అది కొంతవరకు చెల్లుతుందేమో గానీ చెవిలో దూర్చుకునే వాటికి చెల్లదు, ఇక్కడ రెండూ ఒకటే విషయం. చెవిలో ఎంత లోతుకి వెళ్తోంది, ఎంత గట్టిగా మూసుకుంటోంది, ఎక్కడ ఆనుకుంటోంది అన్నదే సౌండ్‌నీ నిర్ణయిస్తుంది, గంట తర్వాత చెవి నొప్పి పుడుతుందా లేదా అన్నదాన్నీ అదే నిర్ణయిస్తుంది.

బాస్ సంగతి ముందు చూద్దాం. గదిలో పెట్టే స్పీకర్ గదినిండా ఉన్న గాలిని కదపాలి కాబట్టి దానికి అంత పెద్ద కోన్ కావాలి. ఇయర్‌ఫోన్‌లో ఉండేది 6 మిల్లీమీటర్లో 10 మిల్లీమీటర్లో ఉండే చిన్న పొర, దాని ముందు నుంచి కర్ణభేరి దాకా ఉన్న గాలి మొత్తం కలిపితే ఒకటి రెండు మిల్లీలీటర్లు, అంటే టీస్పూన్‌లో సగం కూడా ఉండదు. సైకిల్ పంపు మూతికి వేలు అడ్డం పెట్టి కొడితే ఎలా గట్టిగా తంతుందో, మూసి ఉన్న ఆ కొంచెం గాలిలో చిన్న పొర కదిలినా ఒత్తిడి బాగా పుడుతుంది, అందుకే ఆ పొరని ఊపి శబ్దం పుట్టించే బఠాణీ గింజంత డ్రైవర్ నుంచి అంత లోతైన బాస్ వస్తోంది. వేలు కాస్త వదులైతే పంపులో గాలి ఎలా తుస్సుమంటుందో ఇక్కడా అంతే. బాస్ అంటే నెమ్మదిగా ఊగే ఒత్తిడి, సెకనుకి 40 సార్లో 60 సార్లో, ఆ నెమ్మదిలో గాలికి సందులోంచి జారిపోయే తీరిక దొరుకుతుంది. ట్రెబుల్ సెకనుకి వేల సార్లు ఊగుతుంది, దానికి ఆ తీరిక దొరకదు, అందుకని సందు ఉంటే బాస్ పోయి ట్రెబుల్ మాత్రం మిగులుతుంది. రేకు డబ్బాలో మోగినట్టుంది అని జనం తిట్టే ఇయర్‌ఫోన్లలో చాలా వాటి జబ్బు డ్రైవర్‌లో లేదు, టిప్ సైజులో ఉంది.

అలా అని గట్టిగా మూసేస్తే సమస్య తీరిపోతుందా అంటే అక్కడే రెండో చిక్కు మొదలవుతుంది. చెవి మూసుకోగానే చెవి దిబ్బడ వేసినట్టు అనిపిస్తుంది, ఫోన్ మాట్లాడుతుంటే మన గొంతు మనకే బిందెలో తలపెట్టి మాట్లాడినట్టు వినపడుతుంది, జంతికలు నములుతుంటే తలకాయంతా కరకరలే, నడుస్తుంటే అడుగు అడుగుకీ దబ్ దబ్. దీని కారణం తెలుసుకోవాల్సిందే. చెవి కాలువ పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు, అందులో బయటి మూడో వంతు మెత్తటి మృదులాస్థి, లోపలి రెండు వంతులు ఎముక. మాట్లాడినా నమిలినా ఆ కంపనం ఎముకల గుండా వచ్చి మెత్తటి భాగం గోడల్ని ఊపుతుంది. చెవి తెరిచి ఉన్నప్పుడు ఆ ఊపు వల్ల పుట్టిన శబ్దం బయటికి పోతుంది, మూసేస్తే పోవడానికి దారి లేక కర్ణభేరి మీదికే వస్తుంది.

తమాషా ఏంటంటే దీనికి విరుగుడు ఇంకా లోపలికి దూర్చడం. టిప్ ఎముక భాగం దాకా వెళ్తే ఆ ఊగే మెత్తటి గోడ చాలావరకు టిప్ వెనకాలే ఉండిపోతుంది కాబట్టి బిందెలో గొంతు తగ్గుతుంది. కానీ ఎముక మీద ఉండే చర్మం చాలా పల్చన, అక్కడ ఏది తగిలినా ప్రాణం జివ్వుమంటుంది. చెవిలో పుల్ల పెట్టి తిప్పుతుంటే కొంతమందికి దగ్గు తెర వస్తుంది కదా, గొంతు దాకా వెళ్లే వేగస్ నరం కొమ్మ ఒకటి చెవి కాలువకి కూడా ఉండటం వల్ల అలా జరుగుతుంది. అలాంటి వాళ్లకి లోతుగా దూరే ఇయర్‌ఫోన్ ఎంత గొప్పదైనా పనికిరాదు.

ఈ లెక్కని ఒక్కో కంపెనీ ఒక్కోలా తేల్చుకుంది. అమెరికాలోని ఎటిమోటిక్ రీసెర్చ్‌ది ఒక కొస. 1983లో మీడ్ కిలియన్ పెట్టిన కంపెనీ అది, ఆయన వినికిడి యంత్రాల రంగం నుంచి వచ్చిన మనిషి. 1991లో వాళ్లు తెచ్చిన ఈఆర్-4లో వాడిన డ్రైవర్ కూడా వినికిడి యంత్రాల్లో వాడే బాలెన్స్‌డ్ ఆర్మేచర్ రకమే. దాని టిప్ మూడు గొడుగులు ఒకదాని వెనక ఒకటి పెట్టినట్టు ఉంటుంది, అది రెండో గొడుగు కూడా మాయమయ్యేంత లోతుకి వెళ్లాలి. అలా వెళ్తే బయటి రొద 35 డెసిబెల్స్ పైనే తగ్గుతుంది, బ్యాటరీ లేకుండా, ఏ ఎలక్ట్రానిక్ మాయా లేకుండా. గాత్రం వినాలంటే ఇప్పటికీ అలాంటివి అరుదు, గమకంలో గొంతు ఒక స్వరం మీంచి ఇంకో స్వరానికి జారేటప్పుడు ఆ జారుడు మొత్తం తెలుస్తుంది, పాడే మనిషి ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో తెలుస్తుంది. బాస్ మాత్రం ఉన్నంతే ఉంటుంది, పొంగదు. మొదటి వారం అది పెట్టుకోవడం చాలామందికి శిక్షే, అలవాటైన వాళ్లు మళ్లీ వదలరు, అలవాటు కాని వాళ్లు డ్రాయర్‌లో పడేస్తారు, మధ్యరకం వాళ్లు తక్కువ.

షూర్ ఎస్ఈ215 దారి వేరు. దాని మూతి సన్నగా ఉంటుంది, ఒళ్లు చెవి దొప్ప గుంటలో పడుకుంటుంది, వైరు చెవి పైనుంచి వెనక్కి తిరిగి వస్తుంది. బరువు మొత్తం చెవి కాలువ మీద పడకుండా దొప్ప పంచుకుంటుంది కాబట్టి రెండు మూడు గంటలు సులువుగా ఉంచుకోవచ్చు. వైరు చొక్కాకి రాసుకుంటే వచ్చే పరపర కూడా పైనుంచి తిప్పడం వల్ల తగ్గిపోతుంది. సౌండ్ వెచ్చగా, కింద కాస్త బరువుగా, పైన మెత్తగా ఉంటుంది, తాళాల మెరుపు, వీణ తీగ మీటినప్పుడు వచ్చే ఆ మొన అంత స్పష్టంగా ఉండవు. ఒక మాట ఇక్కడ చెప్పాలి, వైరు చెవి చుట్టూ తిప్పే డిజైన్లు చేసేవాళ్లు మన ఆడవాళ్ల చెవులు చూసి చేయలేదు. బుట్టలు పెట్టుకుని మాటీలు జడకి తగిలించుకున్నప్పుడు వైరు పోయే దారీ మాటీ పోయే దారీ ఒకటే, కళ్లజోడు కూడా ఉంటే మూడూ అక్కడే పెనవేసుకుంటాయి. బాస్ నుంచి ట్రెబుల్ దాకా ఏది ఎంత గట్టిగా మోగుతుందో చూపే రివ్యూ గ్రాఫుల్లో ఇది ఎక్కడా కనపడదు, పెట్టుకునే మనిషికి మాత్రం మొదటి నిమిషంలోనే తెలుస్తుంది.

ఆపిల్ 2019లో తెచ్చిన ఎయిర్‌పాడ్స్ ప్రో ఇంకో కొస. అది లోపలికి వెళ్లనే వెళ్లదు, కోలగా ఉండే పల్చటి టిప్ చెవి గుమ్మంలోనే ఆగుతుంది, లోపలి ఒత్తిడి బయటికి పోవడానికి చిన్న కంత కూడా పెట్టారు. దాంతో దిబ్బడ తక్కువ, పెట్టుకున్నట్టే ఉండదు. మరి అంత తేలికగా కూర్చుంటే బాస్ జారిపోవాలి కదా, అందుకని చెవి లోపలి వైపు ఒక మైక్ పెట్టి, లోపల వినపడుతున్నది ఏంటో కొలిచి తగ్గినంత సౌండ్‌ని సాఫ్ట్‌వేర్‌తో పూరిస్తారు. టిప్ సరిగ్గా మూసుకుందో లేదో ఫోనే పరీక్ష చేసి చెప్తుంది కూడా. ఫిట్‌లో ఉన్న లోటుని లెక్కలతో పూడ్చే పద్ధతి అన్నమాట, చాలామంది చెవులకి ఇది బాగానే పనిచేస్తుంది, అయితే కొన్ని చెవుల్లో అసలు నిలవదు, ఆవలిస్తే జారుతుంది, దానికి సాఫ్ట్‌వేర్ చేయగలిగింది ఏమీ లేదు. మొదట్లో మూడు సైజుల టిప్సే ఇచ్చారు, 2022లో వచ్చిన రెండో తరంలో మరీ చిన్న సైజు ఇంకోటి కలిపారు.

సోనీ వాళ్ల డబ్ల్యుఎఫ్-1000ఎక్స్ఎం4, దాని తర్వాత 2023లో వచ్చిన ఎక్స్ఎం5 పక్కపక్కన పెట్టి చూస్తే కంఫర్ట్ మీద కంపెనీలు ఎంత బుర్ర పెడుతున్నాయో తెలుస్తుంది. ఎక్స్ఎం4 ఒక్కోటి సుమారు 7.3 గ్రాములు, ఎక్స్ఎం5 సుమారు 5.9. డ్రైవర్ మాత్రం 6 మిల్లీమీటర్ల నుంచి 8.4 మిల్లీమీటర్లకి పెరిగింది. గ్రామున్నర తేడా కాగితం మీద ఏమీ కాదు, కానీ వైరు లేని ఇయర్‌బడ్‌లో బ్యాటరీ, చిప్ అన్నీ చెవి బయటికి తోసుకుని ఉంటాయి, బయటికి ఎంత ఉంటే కిందికి అంత లాగుతుంది, ఆ లాగుడుకి టిప్ మెల్లమెల్లగా వంకర తిరిగి ఓ పక్క సందు పడుతుంది. గంటలో బాస్ తగ్గినట్టు అనిపించడానికి ఇదే కారణం, ఇయర్‌ఫోన్ ఏమీ మారలేదు.

ట్రెబుల్ కథ ఇంకా చిక్కుగా ఉంటుంది. చెవి కాలువ ఒక చివర మూసి ఉన్న పిల్లనగ్రోవి లాంటిది, తెరిచి ఉన్నప్పుడు సుమారు 3000 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 3000 సార్లు ఊగే శబ్దం దగ్గర, అది దానంతట అదే మోగుతుంది, ఆ చుట్టుపక్కల శబ్దాల్ని 10 డెసిబెల్స్ పైనే పెంచి కర్ణభేరికి ఇస్తుంది, మనకి పుట్టినప్పటి నుంచీ అలవాటైన వినికిడి అది. ఇయర్‌ఫోన్ పెట్టి రెండో చివర కూడా మూసేస్తే ఆ మోత అక్కడ పోతుంది, పోయినదాన్ని ఇయర్‌ఫోన్ తయారుచేసేవాళ్లు డ్రైవర్‌తో తిరిగి కలపాలి, కలపకపోతే పాడేవాళ్లు దుప్పటి కప్పుకుని పాడినట్టు ఉంటుంది. ఇటు 8000 హెర్ట్జ్ దగ్గరో ఆ పైనో కొత్త మోత ఒకటి పుడుతుంది, అది సరిగ్గా ఎక్కడ పుడుతుందన్నది టిప్ నుంచి కర్ణభేరి దాకా ఎంత దూరం మిగిలిందన్న దాని మీద ఉంటుంది. లోతుగా పెడితే దూరం తగ్గి ఆ మోత ఇంకా పైకి పోతుంది, పైపైన పెడితే కిందికి దిగి స, ష అక్షరాలు పలికే చోటికి వచ్చి కూర్చుంటుంది. అందుకే ఒకే ఇయర్‌ఫోన్‌లో ఒకరికి "స" సూదిలా గుచ్చుతుంది, ఇంకొకరికి హాయిగా ఉంటుంది. ట్రెబుల్ గుచ్చుతోంది అనిపిస్తే ఈక్వలైజర్ ముట్టుకునే ముందు టిప్ మార్చి రెండు మిల్లీమీటర్లు లోపలికి పెట్టి చూడటం మంచిది, చాలాసార్లు అక్కడితోనే సరిపోతుంది.

రివ్యూల్లో కనపడే గ్రాఫులు కూడా ఈ వెలుగులోనే చూడాలి. వాటిని ఐఈసీ 60318-4 అనే ప్రమాణం ప్రకారం చేసిన లోహపు చెవిలో కొలుస్తారు, పాత వాళ్లు 711 కప్లర్ అంటారు. ఆ లోహపు చెవిలో టిప్ ఎప్పుడూ పక్కాగా మూసుకుంటుంది, చెమట పట్టదు, దవడ కదలదు. గ్రాఫులో 8000 దగ్గర కనపడే గుట్ట చాలాసార్లు ఆ కొలత పెట్టిన లోతుకి సంబంధించింది, ఇయర్‌ఫోన్ గుణం కాదు. ఐతే మధ్య భాగం, అంటే గొంతులూ వాయిద్యాలూ ఉండే చోటు, గ్రాఫులో నమ్మకంగానే తెలుస్తుంది, రెండు ఇయర్‌ఫోన్లని ఒకే యంత్రం మీద కొలిస్తే పోల్చుకోవడానికి బాగా పనికొస్తుంది. వీటి మీద గీసే హార్మన్ టార్గెట్ అనే గీత హార్మన్ అనే ఆడియో కంపెనీలో షాన్ ఓలివ్ అనే పరిశోధకుడి బృందం చాలామందికి వినిపించి, ఎక్కువ మందికి ఏ సౌండ్ నచ్చిందో చూసి తీసిన సగటు. ఆ బృందమే హెడ్‌ఫోన్ల మీద చేసిన పరిశీలనలో సుమారు 64 శాతం మందికి ఆ గీత నచ్చింది, 15 శాతం మంది ఇంకా బాస్ కావాలన్నారు, 21 శాతం మంది తగ్గించమన్నారు. అంటే ముగ్గురిలో ఒకరికి పైగా ఆ గీతకి అటో ఇటో ఉన్నారు, గీతకి అతుక్కున్నదే గొప్ప ఇయర్‌ఫోన్ అని తీర్పు చెప్పేయడానికి లేదు.

అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ తేడా తెచ్చేది టిప్. డబ్బాలో మీడియం తగిలించి ఇస్తారు, చాలామంది దాన్నే వాడేస్తూ ఉంటారు, రెండు చెవులూ ఒకే సైజు ఉంటాయనీ అనుకుంటారు, కానీ ఎడమకి చిన్నది కుడికి మీడియం పట్టడం అసాధారణమేమీ కాదు. ఇంకో పొరపాటు, నొప్పిగా ఉందని చిన్న సైజుకి మారడం. చిన్న టిప్ నిలవదు, నిలవక మాటిమాటికీ లోపలికి తోస్తాం, తోసేకొద్దీ ఇయర్‌ఫోన్ ఒంటి అంచు దొప్ప లోపలి మడతకి ఒరుసుకుని అక్కడ ఎర్రగా కందుతుంది. నొప్పి ఎక్కడుందో వేలు పెట్టి చూస్తే చాలాసార్లు కాలువ లోపల ఉండదు, బయట ఆ మడత దగ్గరే ఉంటుంది, ఒక సైజు పెద్ద టిప్ వేస్తే ఇయర్‌ఫోన్ కాస్త బయటికి జరిగి నొప్పి పోతుంది, బాస్ కూడా తిరిగి వస్తుంది.

పెట్టుకునే పద్ధతి కూడా ఒకటుంది. కుడి చెవికి పెట్టుకునేటప్పుడు ఎడమ చెయ్యి తల మీదుగా తెచ్చి చెవి దొప్పని పైకీ వెనక్కీ లాగితే వంకరగా ఉన్న కాలువ తిన్నగా అవుతుంది, అప్పుడు దూర్చి దొప్ప వదిలేస్తే టిప్ చుట్టూ అదే సర్దుకుంటుంది. ఫోమ్ టిప్ అయితే వేళ్ల మధ్య వత్తిలా నలిపి సన్నగా చేసి పెట్టి అర నిమిషం పట్టుకోవాలి, లోపల మెల్లగా ఉబ్బి గోడలకి అతుక్కుంటుంది. ఫోమ్ ఒత్తిడిని చుట్టూ సమానంగా పంచుతుంది కాబట్టి నొప్పి తక్కువ, ట్రెబుల్‌ని కొంచెం మింగుతుంది, పదునెక్కువైన ఇయర్‌ఫోన్‌కి అది వరమే. కానీ మే నెల విజయవాడ ఉక్కలో రోజూ వాడితే చెమటకీ గుబిలికీ అది కొన్నాళ్లకే గట్టిపడిపోతుంది, మార్చుకుంటూ ఉండాలి. సిలికాన్ అయితే కడిగి ఆరబెట్టుకోవచ్చు. కడిగేటప్పుడు మూతి దగ్గరుండే జాలీ కూడా చూడండి, ఒక పక్క సౌండ్ తగ్గిందని కంప్లైంట్ చేసే ఇయర్‌ఫోన్లలో చాలా వాటికి ఆ జాలీలో గుబిలి అడ్డం పడి ఉంటుంది.

సీల్, అంటే టిప్ గాలి పోకుండా మూసుకోవడం, సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి పాట కూడా అక్కర్లేదు. రెండు చెవుల్లో పెట్టుకుని నోరు మూసుకుని "మ్" అని శ్రుతి పట్టినట్టు అనండి. రెండు వైపులా సమానంగా హోరు వినిపిస్తే బాగా మూసుకున్నట్టు, ఒక పక్కకే ఒరిగితే రెండో పక్క గాలి పోతున్నట్టు.

బయటి రొద ఉన్నచోట ఇదంతా చెవుల ఆరోగ్యం దాకా వెళ్తుంది. బస్సు ఇంజిన్ గర్జనలాంటి కింది శబ్దాల్ని ఏఎన్‌సీ, అంటే బయటి రొదని మైక్‌తో విని దానికి ఎదురు శబ్దం పుట్టించి తగ్గించే పద్ధతి, బాగా మింగుతుంది, కండక్టర్ కేక, హారన్, పక్కవాళ్ల కబుర్లు లాంటి పై శబ్దాల దగ్గర దానికి అంత బలం లేదు, వాటిని ఆపేది టిప్పే. రెండూ లేని ఇయర్‌బడ్ పెట్టుకున్న మనిషి ఆ రొద మీదికి పాట వినపడాలని వాల్యూమ్ పెంచుకుంటూ పోతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి పెట్టిన హద్దు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు, ప్రతి 3 డెసిబెల్స్ పెరిగేకొద్దీ ఆ గంటలు సగం అవుతాయి. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, 89 దగ్గర అయిదే. రోజూ గంటన్నర బస్సులో పోయి వచ్చే మనిషి 89లో వింటే వారం మధ్యలోనే కోటా అయిపోతుంది. అదే బాగా మూసుకునే టిప్ ఉంటే ఆ పాటే ఎన్నో డెసిబెల్స్ కింద వినొచ్చు. రోడ్డు దాటేటప్పుడు, బండి నడిపేటప్పుడు మాత్రం చెవులు మూసుకోకూడదు, హారన్ వినపడకపోవడం చిన్న విషయం కాదు.

రెండు ఇయర్‌ఫోన్లని నిజంగా పోల్చాలంటే ముందు వాల్యూమ్ సమానం చేసుకోవాలి, కొంచెం గట్టిగా మోగేది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది, తక్కువ సౌండ్‌లో మన చెవికి బాస్ ముందు తగ్గిపోతుంది కాబట్టి. ఆ తర్వాత ఒక్కోదానికీ సరైన టిప్ వెతికి, ఒక్కోటీ కనీసం రెండు గంటలు తీయకుండా పెట్టుకుని వినాలి. ఇరవై నిమిషాల్లో తెలిసేది సౌండ్ రంగు మాత్రమే, దొప్ప కందడం, దిబ్బడకి విసుగు రావడం, జారిపోవడం లాంటివన్నీ గంట దాటాకే బయటపడతాయి. చాలా షాపుల్లో శుభ్రత కారణంగా చెవిలో పెట్టుకుని చూడనివ్వరు, తప్పు కూడా కాదు, అందుకని కొనేముందు స్నేహితుల దగ్గర ఉన్నవి సొంత టిప్స్ తగిలించి వినడం ఒక దారి.

ఏ టిప్పూ కుదరని చెవులకి చివరి దారి అచ్చు తీయించుకోవడం. 1995లో జెర్రీ హార్వీ రాక్ బ్యాండ్ డ్రమ్మర్ అలెక్స్ వాన్ హేలెన్ కోసం చేసిన అచ్చు ఇయర్‌ఫోన్ల నుంచే అల్టిమేట్ ఇయర్స్ కంపెనీ పుట్టింది, స్టేజీ మీద గాయకుల చెవుల్లో కనపడేవి ఎక్కువగా ఈ జాతివే. ముందు చెవిలో గుబిలి లేదని చూసి, కాలువలో రెండో వంపు దాటాక చిన్న స్పాంజి అడ్డం పెట్టి, మెత్తటి సిలికాన్ నింపుతారు, కొన్ని నిమిషాల్లో గట్టిపడ్డాక ఆ ముద్దని తీసి దాని ఆకారంలో ఇయర్‌ఫోన్ చేస్తారు. పాడేవాళ్లకైతే పళ్ల మధ్య చిన్న దిమ్మ పెట్టి నోరు తెరిచి ఉంచి అచ్చు తీస్తారు, నోరు మూసి ఉన్నప్పుడు ఒక ఆకారం, తెరిచినప్పుడు ఇంకో ఆకారం ఉంటుంది చెవి కాలువకి, మూసి తీసిన అచ్చుతో చేస్తే పైస్థాయి అందుకోవడానికి నోరు తెరిచిన క్షణంలోనే సీల్ పోయి బాస్ జారిపోతుంది. పిల్లలకి ఇలాంటివి చేయిస్తే చెవి పెరిగేకొద్దీ మళ్లీ అచ్చు తీయాల్సిందే, పెద్దవాళ్లలో కూడా ఒళ్లు బాగా తగ్గినా పెరిగినా పాత అచ్చు వదులైపోతుంది.